పన్నెండో మోటారు

మోటారు వదినను ఏదైనా అడిగితే ముందుగా ఓ అంకె వినబడుతుంది. "వదినా, అన్నయ్య ఇంట్లో ఉన్నాడా?" అంటే "నలభై ఏడు" అంటుంది. తప్పుగా అనుకోకండి. ఆవిడ తీగ చుడుతూ ఉంటుంది. మాటల్లో పడి చుట్ల లెక్క తప్పితే మళ్ళీ మొదటికి రావాలి కనుక, ఎక్కడిదాకా వచ్చిందో ఆ అంకెను పైకి అనేసి, అడిగినవాళ్ళను దానికి కాపలా పెట్టి, అప్పుడు "బస్సు కడగడానికి వెళ్ళారు, వచ్చే వేళయింది" అని చెప్పి, "ఎంతన్నాను?" అంటుంది. వచ్చినవాళ్ళు "నలభై ఏడు" అని అప్పజెప్పాలి. వీధిలో అందరికీ అలవాటైపోయింది. మతిమరుపు మనుషులు మాత్రం పని చెప్పకుండానే వెళ్ళిపోతుంటారు.

మోటార్లు బాగుచేసే ఇంటికి కోడలుగా వచ్చింది కనుక మొదట్లో మోటారు వాళ్ళ కోడలు అనేవారు. తరవాత ఆవిడే మోటార్లు చుట్టడం మొదలుపెట్టేసరికి మధ్యలో మాటలు అరిగిపోయి మోటారు వదిన మిగిలింది. ఇప్పుడు ఆవిడకు నలభై నాలుగేళ్ళు. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా వదినా అనే పిలుస్తారు. పొట్టి మనిషి, సన్నని వేళ్ళు, ఎడమచేతి వాటం. ఎంత రుద్ది కడిగినా గోళ్ళ చివర వార్నిష్ మరక పోదు. పోవాలని ఆవిడ కూడా పెద్దగా కోరుకోదు.

దుకాణం రెండు సందులు కలిసే మూలన ఉంది. కింద ముందు గది దుకాణం, పక్కనుంచి ఇరుకు మెట్లెక్కితే పైన ఇల్లు. గోడ పొడుగునా చెక్క అరల్లో రాగి తీగ చుట్టలు, దారపు ఉండలు, కాగితం కంటే కాస్త మందంగా ఉండే ఇన్సులేషన్ అట్టలు. కిటికీ పక్కన పొడుగాటి బల్ల. బల్లకు ఈ చివర వదిన, ఆ చివర ఆవిడ మావగారు. వీధి ఆయన్ని పెద్దమేస్త్రి అంటుంది. డెబ్భై నాలుగేళ్ళు. దుకాణం ఆయన పెట్టిందే, బల్ల కూడా ఆయన చేసుకున్నదే.

వదిన మొగుడు స్కూలు బస్సు డ్రైవరు. నెమ్మదస్తుడు, నవ్వుముఖం, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. కానీ కరెంటంటే మాత్రం ఆమడ దూరం. పద్నాలుగేళ్ళప్పుడు తండ్రి పని నేర్పబోతే మొదటిరోజే షాకు కొట్టింది. ఆ రోజు బల్ల కిందనుంచి దూరి వీధిలోకి పరిగెత్తినవాడు మళ్ళీ దుకాణంలో పనిముట్టు పట్టలేదు. ఈరోజుకీ ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టాలంటే కాళ్ళకు చెప్పులు వేసుకుని, కళ్ళు మూసుకుని మరీ పెడతాడు. బల్బు మార్చాలంటే పెళ్ళాం కోసం ఎదురుచూస్తాడు. "మా ఇంట్లో మగాడి పని ఏముంది, బస్సు తోలడం తప్ప" అని తనే చెప్పుకుని నవ్వుతాడు. వాళ్ళిద్దరి కాపురం చల్లగా ఉందంటే, ఎవరికి చేతకాని పని వాళ్ళు చెయ్యబోకపోవడమే కారణమని నా ఉద్దేశం.

వదిన ఈ పనిలోకి టీ కప్పుతో దిగింది. పెళ్ళయిన రెండో ఏడు. ఆ రోజు పెద్దమేస్త్రి ఓ చిన్న మోటారుతో కుస్తీ పడుతున్నాడు. ఇనుప గాడులు ఇరుకు, ఆయన వేళ్ళు లావు. చుట్టిన తీగ గాడిలోకి దిగనంటోంది. టీ తెచ్చిన కోడలు కాసేపు నిలబడి చూసి, కప్పు పక్కన పెట్టి, ఎడమచేతి బొటనవేలితో తీగను ఒత్తి, సన్నని చెక్కపేడుతో లోపలికి జార్చింది. పోగు కూడా గీసుకోలేదు. పెద్దమేస్త్రి తీగ వంక చూశాడు, కోడలి వేళ్ళ వంక చూశాడు, చల్లారుతున్న టీ తాగాడు. మెచ్చుకోలేదు. "రేపు తొమ్మిదింటికి రా" అన్నాడు, ఆవిడేదో ఊరవతలనుంచి రావాల్సినట్టు. ఆవిడ కూడా మర్నాడు సరిగ్గా తొమ్మిదింటికి పదిహేడు మెట్లు దిగి వచ్చింది. ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఒక్కరోజు ఆలస్యం కాలేదు.

అప్పట్నుంచి పంపకం తేలిపోయింది. కాలిన తీగ పీకడం, కొత్తది చుట్టడం, దారంతో కట్టడం, వార్నిష్ పోసి ఆరబెట్టడం వదిన పని. వచ్చినవాళ్ళతో మాట్లాడడం, వాళ్ళ చోటికి వెళ్ళి చూడడం, అన్నిటికంటే ముఖ్యంగా చివరి కనెక్షన్ ఇవ్వడం పెద్దమేస్త్రి పని. చివరి కనెక్షన్ అంటే, మోటారులోంచి బయటికి వచ్చిన తీగ కొసల్లో దేన్ని దేనితో కలపాలో కలిపి, మెలిపెట్టి, గొట్టం తొడిగి, మూత బిగించడం. చూడ్డానికి పది నిమిషాల పని. అది తప్పితే వారం రోజుల చుట్టుడు పొగైపోతుంది. "చుట్టడం నీది, బయటి సంగతి నాది" అనేవాడాయన. ఆవిడకు అందులో పేచీ లేదు.

పెద్దమేస్త్రికి ఒక మాటుంది. "నలభై ఒక్క ఏళ్ళు. నా చేతి మోటారు గుమ్మం దాటాక వెనక్కి రాలేదు." ఈ మాట ఆయన అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. బస్సులో పక్క సీటువాళ్ళకి చెప్పాడు. పళ్ళ డాక్టరు నోట్లో పరికరం పెట్టి ఉండగా చెప్పబోయి పెదవి కోయించుకున్నాడు. కొడుకు పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు పిల్ల గురించి ఏమీ అడక్కుండా ముందు ఇదే, అప్పటి ఏళ్ళ లెక్కతో, చెప్పాడట. జంబం అనకండి. ఆ మాట నిజం. నలభై ఒక్క ఏళ్ళూ నిజమే.

అంటే, చివరి రెండేళ్ళూ ఆ మాట నిజమయ్యేలా చూసింది వదిన.

రెండేళ్ళ కిందట ఓ మధ్యాహ్నం. పెద్దమేస్త్రి భోంచేసి పైన కునుకు తీస్తున్నాడు. పిండిమర మోటారు సిద్ధమై బల్ల మీద ఉంది. మూత మీద నూనె మరక తుడుద్దామని వదిన గుడ్డ తీసుకుంది. మూత సరిగ్గా పడలేదనిపించి విప్పింది. లోపల కెపాసిటరు తీగ వెళ్ళాల్సిన చోటికి కాకుండా పక్కదానికి వెళ్ళింది. మూడుసార్లు చూసింది. తప్పే. అప్పటికి కొన్నాళ్ళుగా ఆయన పేపరును ముఖానికి దగ్గరగా పెట్టుకోవడం, "ఈ మధ్య తీగలకి రంగులు సరిగ్గా వెయ్యట్లేదు" అని కంపెనీలను తిట్టడం ఆవిడ గమనిస్తూనే ఉంది. అద్దాలు మార్పిద్దామంటే "నా కళ్ళకేం" అని విరుచుకుపడ్డాడు.

లేపి చెప్పొచ్చు. ఆవిడ మెట్ల దాకా వెళ్ళింది కూడా. పైనుంచి ఆయన గురక వినబడింది. ఆ మనిషికి ఉన్నదల్లా ఆ ఒక్క మాట. దాన్ని తన నోటితో పడగొట్టడానికి ఆవిడకు ప్రాణం ఒప్పలేదు. వెనక్కి వచ్చి, తీగ మార్చి, మూత బిగించి, ఏమీ ఎరగనట్టు తన చివరకు వెళ్ళి కూచుంది.

ఆ తరవాత అదే అలవాటైంది. రోజూ మధ్యాహ్నం ఆయన కునుకు తీసే ముప్పావుగంటలో ఆయన కట్టిన మూతలన్నీ విప్పి చూసేది. చాలావాటికి వంక పెట్టేందుకే ఉండదు. ఆ చెయ్యి అలాంటిది. ఎప్పుడో ఒకటి తప్పేది. రెండేళ్ళలో పదకొండు. ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా. చెబితే ఆయన నవ్వుతూ ఎక్కడో అనేస్తాడని భయం. ఆవిడ బెంగ రెండు వైపులా ఉండేది: ఒక్క మూత విప్పి చూడ్డం మరిచిపోతే ఎవరి మోటారో కాలిపోతుంది; చూస్తున్నట్టు తెలిస్తే మావగారు కాలిపోతాడు.

ఇలా ఉండగా కుర్చీకాళ్ళాయన మోటారు వచ్చింది.

కుర్చీకాళ్ళాయన పని పేరులోనే ఉంది. చెక్కను లేత్ మీద తిప్పి కుర్చీలకు కాళ్ళు తీస్తాడు. ఆయన లేత్ మోటారులో స్టార్టింగ్ వైండింగు, అంటే ఇరుసును మొదట కదిలించే తీగచుట్ట, కాలిపోయింది. కొత్తగా కట్టిన గ్రంథాలయానికి నలభై కుర్చీలు ఒప్పుకున్నాడు, తొంభై కాళ్ళు అయ్యాయి, ఇంకా డెబ్భై ఉన్నాయి. "కుర్చీకి రెండేసి కాళ్ళు చాలంటే ఈపాటికి అయిపోయేది" అని ఏడవలేక నవ్వుతూ, మోటారు దింపి, పెద్దమేస్త్రితో మాట్లాడి వెళ్ళిపోయాడు. వదిన అప్పుడు లోపల వార్నిష్ వేడి చేస్తోంది. వాళ్ళ మాటలు ఆవిడ చెవిన పడలేదు.

అది పాత ఓడలోంచి వచ్చిన మోటారు. గుండ్రంగా, బరువుగా, పచ్చరంగు పెచ్చులు లేచి ఉంది. దాని మీది రేకు పలకలో రెండు వోల్టేజీలు రాసి ఉన్నాయి: నూటపది, రెండువందల ఇరవై. దేనికైనా పనికొస్తుందన్నమాట, కాకపోతే కనెక్షన్ మార్చాలి. లోపల అసలు వైండింగు రెండు సగాలుగా ఉంటుంది. ఆ రెంటినీ ఒకదాని వెనక ఒకటి కలిపితే రెండువందల ఇరవైకి సరిపోతుంది, వచ్చిన కరెంటు ఒత్తిడిని చెరిసగం పంచుకుంటాయి. పక్కపక్కన కలిపితే నూటపదికి. పక్కపక్కన కలిపినదానికి పొరపాటున రెండువందల ఇరవై ఇచ్చారో, క్షణాల్లో పొగ. ఒకదాని వెనక ఒకటి కలిపినదానికి నూటపది ఇస్తే కాలదు వెంటనే, మూలుగుతూ కూచుంటుంది.

వదిన స్టార్టింగ్ వైండింగు కొత్తది చుట్టింది. పాత తీగల రంగులు నూనెలో నల్లబడి ఏది ఏదో తెలియకుండా పోతే, బల్బుతో ఒక్కొక్కటే పరీక్షించి, ఆరు కొసలకూ అంకెలు రాసిన గుడ్డపీలికలు కట్టింది. గురువారం పొద్దున పెద్దమేస్త్రి కనెక్షన్ ఇచ్చాడు. పెద్ద బల్బు మధ్యలో పెట్టి, దాని గుండా కొద్దిగా కరెంటు పంపి చూశాడు. బల్బు వెలిగింది, ఇరుసు మెల్లగా తిరిగింది. "చాలు" అని మూత బిగించి, భోజనానికి పైకి వెళ్ళాడు.

గురక మొదలయ్యాక వదిన మూత విప్పింది. చూసింది. రెండు సగాలూ పక్కపక్కన కలిపి ఉన్నాయి. నూటపది కనెక్షన్!

వీధి వీధంతా, ఊరు ఊరంతా వచ్చేది రెండువందల ఇరవై. ఇరవై ఏళ్ళలో ఆవిడ బల్ల మీదికి వచ్చిన ప్రతి మోటారూ రెండువందల ఇరవైకే వెళ్ళింది. "ఇంత పెద్ద తప్పా మావయ్యగారూ" అనుకుంది. ఇంతకుముందువి చిన్నచిన్న పొరపాట్లు. ఇది అలాంటిది కాదు. ఆయన కళ్ళు మరీ ఇంత దిగజారాయా అని దిగులేసింది. ఇంకెన్నాళ్ళు కప్పిపుచ్చగలనని మొదటిసారి అనిపించింది. గొట్టాలు జరిపి, మెలికలు విప్పి, రెండు సగాలనీ ఒకదాని వెనక ఒకటి కలిపింది. గోడ ప్లగ్గుకు నేరుగా పెట్టి చూసింది. మోటారు గంతేసినట్టు లేచి హాయిగా తిరిగింది. మూత బిగించి, చెమట తుడుచుకుని, తన చివరకు వెళ్ళి కూచుంది. సాయంత్రం కుర్చీకాళ్ళాయన బండి మీద మోటారు పట్టుకెళ్ళాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు అదే బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. బండిలో అదే మోటారు.

"మేస్త్రిగారూ, ఇది కూస్తోంది గానీ తిరగట్లేదండీ" అన్నాడు కుర్చీకాళ్ళాయన, తనేదో తప్పుచేసినట్టు మెల్లగా. "చేత్తో తోస్తే రెండు చుట్లు తిరిగి ఆగిపోతోంది. భయమేసి ఆపేశాను."

గుమ్మం దాటిన మోటారు గుమ్మంలోకి రావడం ఆ గది ఎప్పుడూ చూడలేదు. పెద్దమేస్త్రి ముఖం పాలిపోయింది. మోటారును ఆయనే బల్ల మీదికి జరిపించుకున్నాడు. "నువ్వెళ్ళి పనులు చూసుకోవయ్యా. నేనే తీసుకొస్తాను" అని కుర్చీకాళ్ళాయన్ని పంపేశాడు. మూత విప్పాడు. అద్దాలు నుదుటి మీదికి నెట్టి, కళ్ళతో కాదు, బొటనవేలితో మెలికలు తడిమాడు. ఒకటి తడిమాడు. రెండోది తడిమాడు. వదిన చేతిలో తీగ ఉంది. ఎన్నో చుట్టో ఆవిడకి గుర్తులేదు.

"ఇది నా మెలిక కాదు" అన్నాడాయన.

వదిన చేతిలో తీగ బల్ల మీద పెట్టేసింది.

"ఇటునుంచి అటు తిరిగింది. ఎడమచేతి మెలిక." కోడలి వైపు తిరిగాడు. "నేను పడుకున్నాక విప్పావా?"

"విప్పాను మావయ్యగారూ."

"ఎందుకు?"

"నూటపదికి ఇచ్చారు కదా. కాలిపోతుందని…"

"వాడి షెడ్డులో ఉన్నది నూటపదే" అన్నాడు పెద్దమేస్త్రి. "ఒక ఓడ సామానంతా కొన్నాడు. లేతూ, రంపమూ, సానరాయీ, అన్నీ నూటపదివే. వాటితోపాటు, రెండువందల ఇరవైని నూటపదికి దించే ట్రాన్స్‌ఫార్మర్ కూడా తెచ్చుకున్నాడు. తొమ్మిదేళ్ళ కిందట నేనే బిగించి వచ్చాను."

వదిన రెండువందల ఇరవైకి కలిపి, తన చేత్తో మూత బిగించి పంపింది. ఆయన చేసింది సరైనదే. ఆయన నలభై ఒక్క ఏళ్ళ మాటను పడగొట్టింది ఆయన కళ్ళు కాదు, తన చేతులు.

"నాకు చెప్పలేదు మీరు" అంది.

"నువ్వు అడగలేదు."

"అడిగితే విప్పానని తెలిసిపోతుంది కదా."

పెద్దమేస్త్రి ఆ మాట దగ్గర ఆగిపోయాడు. ఆయన కళ్ళు మసకబారి ఉండొచ్చు గానీ బుర్ర కాదు.

"ఇదొక్కటేనా విప్పింది?"

అవునంటే సరిపోయేది. నమ్మేవాడే. వదిన ఆయన ముఖం చూసి అబద్ధం ఆడలేకపోయింది.

"కాదు."

"ఎన్ని మార్చావు?"

"దీనికి ముందు పదకొండు."

"అన్నీ ఇలాంటివేనా? నేను సరిగ్గా ఇస్తే నువ్వు పొరబడినవి…" ఆయన వాక్యం పూర్తిచెయ్యలేదు. ఆ సగం వాక్యంలో ఎంత ఆశ ఉందో వదినకు వినబడింది. అందులో రెండో మూడో ఆయనకు ఇచ్చేస్తే బాగుండుననిపించింది. కానీ మోటార్ల విషయంలో ఆవిడకు అబద్ధం చేతకాదు. చేతకాకుండా చేసినవాడు ఆయనే.

"పదకొండూ తప్పులే మావయ్యగారూ."

ఆయన స్టూలు లాక్కుని కూచున్నాడు. "మొదటిది ఏది?" అన్నాడు.

"పిండిమర మోటారు. కెపాసిటరు తీగ పక్కదానికి వెళ్ళింది."

"రెండోది?"

"నీళ్ళ పంపు. గొట్టం తొడగడం మరిచిపోయారు. బాడీకి తగులుతోంది."

అలా పదకొండూ అడిగాడు. ఏ మోటారు, ఎవరిది, ఏ కొస దేనికి కలిసింది. ఆవిడ ఒక్కొక్కటే చెప్పింది. తడుముకోకుండా చెప్పింది, అన్నీ ఆవిడ గుండెలో ఉన్నవే. ఆయన ప్రతిదానికీ తల ఊపాడు. నీళ్ళ పంపు దగ్గర మాత్రం కళ్ళు మూసుకున్నాడు. బాడీకి తగిలే తీగంటే మనిషి ప్రాణం. ఆ పంపు ఉన్న ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

పదకొండూ అయ్యాక దుకాణం బయట ఎవరో సైకిలు ఆపి "వదినా!" అన్నారు. వదిన అంకె చెప్పలేదు, బదులూ చెప్పలేదు. వాళ్ళు తొంగి చూసి, వీళ్ళ వాలకం చూసి వెళ్ళిపోయారు.

"తిడతారేమో తిట్టండి" అంది వదిన.

"తిట్టడానికి నాకు మొహమేదీ" అన్నాడు పెద్దమేస్త్రి. లేచి, చేతులు కడుక్కుని, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "చెప్పులు వేసుకో. కటింగ్ ప్లయరు తీసుకో. వాడి షెడ్డుకు పోదాం."

ఇరవై ఏళ్ళలో ఆవిడ పనిమీద బయటికి వెళ్ళడం అదే మొదలు. మోటారును ఆటోలో మధ్యన పెట్టుకుని చెరోవైపు కూచున్నారు. దారిలో వదిన మనసులో ఒకటే నిశ్చయించుకుంది: షెడ్డులో అడుగుపెట్టగానే తప్పు తనదని చెప్పెయ్యాలి. ఆయన కనెక్షన్ సరిగ్గానే ఇచ్చాడు, తనే చెడగొట్టింది. అలా చెబితే ఆయన మాట నిలబడుతుంది. కోడలు చెడగొట్టిన మోటారు ఆయన లెక్కలోకి రాదు.

షెడ్డులో చెక్కపొట్టు చీలమండల దాకా ఉంది. గోడకు ఆనించి తొంభై కాళ్ళు వరసగా నిలబడ్డాయి. మూలన బల్ల కింద బూడిదరంగు ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటోంది. వదిన దాని వంక చూసి పళ్ళు కొరుక్కుంది. కుర్చీకాళ్ళాయన హడావిడిగా స్టూలు తుడిచి వేశాడు. పెద్దమేస్త్రి కూచున్నాడు. వదిన కూచోలేదు.

"బాబాయిగారూ, తప్పు నాదండీ" అంది. "మావయ్యగారు సరిగ్గానే ఇచ్చారు. మీకు నూటపది అని తెలియక నేను విప్పి మార్చాను."

కుర్చీకాళ్ళాయన ఆవిడ వంక జాలిగా చూశాడు. తరవాత పెద్దమేస్త్రి అద్దాల వంక చూశాడు. మళ్ళీ ఆవిడ వంక చూసి, అర్థమైందన్నట్టు తల ఊపి, గొంతు తగ్గించి, "నాకు తెలీదా అమ్మా. పెద్దాయన కదా. పోనీలే, నేనెవరితోనూ అనను" అన్నాడు.

"అయ్యో, అది కాదండీ. నిజంగా నేనే…"

"ఇంత మంచి కోడలు ఉండాలిలే ఎవరికైనా" అన్నాడాయన, ఇంకా జాలిగా.

వదినకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండేళ్ళు నోరు మూసుకుని పదకొండు తప్పులు దాచింది, ఒక్కరూ అనుమానించలేదు. ఈరోజు నోరు తెరిచి నిజం చెబుతుంటే నమ్మే దిక్కు లేదు. దిక్కుతోచక మావగారి వంక చూసింది. ఆయన ఒక్క మాట అంటే చాలు. "అవునయ్యా, మా అమ్మాయే మార్చింది" అంటే చాలు. అది నిజం, పైగా ఆయన మాట దక్కుతుంది.

పెద్దమేస్త్రి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"కళ్ళు మందగించాయయ్యా నాకు" అన్నాడు. గొంతు తగ్గించలేదు; షెడ్డు బయట పనిచేస్తున్నవాళ్ళకు కూడా వినబడేలా అన్నాడు. "ఒప్పుకోబుద్ధి కాలేదు ఇన్నాళ్ళూ. ఈ రెండేళ్ళలో పన్నెండు మోటార్లకు కనెక్షన్ తప్పుగా ఇచ్చాను. పదకొండు మా అమ్మాయి చూసి దిద్దింది. పన్నెండోది దాటిపోయి నీ దగ్గరికొచ్చింది. ఇకనుంచి కనెక్షన్ మా అమ్మాయే ఇస్తుంది. ఏ మోటారుకైనా. నువ్వు తనకే చెప్పు నీ షెడ్డు సంగతులు."

ఆయన మాట మొదలుపెట్టేసరికే వదిన మోటారు ముందు గొంతుక్కూచుంది. మూత విప్పి ఉంది. పన్నెండు అన్న మాట చెవిన పడగానే తలెత్తింది. ఆయన ఆవిడ వంక చూడకుండా గోడకు ఆనించిన కుర్చీకాళ్ళ వంక చూస్తున్నాడు. నలభై ఒక్క ఏళ్ళు ఊరందరికీ చెప్పుకున్న మాటను ఆ మనిషి ఆవిడ చేసిన ఒక్క తప్పు కోసం తనంతట తను వదిలేశాడు. ఆవిడ ఏదో అనబోయింది. ఆయన తల అడ్డంగా ఆడించాడు, ఒక్కసారి.

ఆవిడ తల దించుకుని తీగల మీద చెయ్యి వేసింది. ఆరు కొసలున్నాయి, ఆరింటికీ తను కట్టిన అంకెలున్నాయి, ఒక్కటీ కనబడ్డం లేదు. కళ్ళనిండా నీళ్ళు. ఆవిడ అలా ఎంతసేపు ఉండిపోయిందో, కుర్చీకాళ్ళాయన "ఏమైనా దీపం పట్టనా అమ్మా?" అన్నాడు.

"అక్కర్లేదులేవయ్యా" అన్నాడు పెద్దమేస్త్రి. స్టూలు కాస్త దగ్గరికి జరుపుకుని, కోడలితో మెల్లగా అన్నాడు. "తొందరేం లేదమ్మాయ్. కనబడ్డాకే కలుపు."

వదిన మోచేతితో కళ్ళు తుడుచుకుంది. అంకెలు ఒక్కొక్కటే తేలి వచ్చాయి. రెండు సగాలనూ పక్కపక్కన కలిపింది, స్టార్టింగ్ తీగలు వాటి చోట చేర్చింది, ఎడమచేత్తో మెలిపెట్టి గొట్టాలు తొడిగింది. "ఇరుసు ఎటు తిరగాలి బాబాయిగారూ?" అని అడిగింది. "నా వైపుకు" అన్నాడాయన. అందుకు తగ్గట్టు రెండు కొసలు అటూ ఇటూ మార్చి, మూత బిగించి, స్విచ్ వేసింది. లేత్ ఆయన వైపుకే తిరిగింది. కుర్చీకాళ్ళాయన తొంభై ఒకటో కాలు ఎక్కించాడు.